చీటీ పుస్తకంలో ఆబ్జెక్టులు: నాలుగు మాటలు బట్టీ పట్టినా అర్థం కానిదేమిటి?

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడగానే హాస్టల్ గదుల్లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు చెందిన నాలుగు మాటలు మంత్రంలా వినిపిస్తాయి: ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల జావా నోట్సుల్లోనూ మొదటి పేజీలు వీటివే. నిర్వచనాలు అందరికీ వచ్చు. "సరే, మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏమిటి?" అని ఇంకొక్క ప్రశ్న వేస్తే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. మొదటి ఇంటర్వ్యూలో నా గొంతు కూడా అక్కడే ఎండిపోయింది. కుక్కా పిల్లీ రెండూ జంతువులే, కానీ వేరువేరుగా అరుస్తాయని ఏదో చెప్పి బయటపడ్డాను. ఆ ఉదాహరణలో తప్పేమీ లేదు. కాకపోతే కుక్కనీ పిల్లినీ అరిపించడానికి ఎవరూ ప్రోగ్రామ్ రాయించుకోరు.

అందుకని ఇక్కడ జంతువుల్ని వదిలేసి, మన వీధుల్లో అందరికీ తెలిసిన చీటీ పాటను తీసుకుంటున్నాను. అందులో డబ్బుంది, నియమాలున్నాయి, లెక్క తప్పితే గొడవలున్నాయి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పనికొచ్చేది కూడా ఇలాంటి గొడవలు తగ్గించడానికే.

ముందు చీటీ లెక్క

రమణమ్మ గారు అనే ఒకావిడ లక్ష రూపాయల చీటీ నడుపుతున్నారనుకుందాం. 20 మంది సభ్యులు, తలా నెలకు 5,000, మొత్తం 20 నెలలు. ప్రతి నెలా పాట ఉంటుంది. ఈ నెల పాట 25,000కు పోయింది. అంటే పాడుకున్నవాళ్లు లక్షలో 25,000 వదులుకుని 75,000 తీసుకుంటారు. వదులుకున్న 25,000లో రమణమ్మ గారి కమీషన్ చీటీ మొత్తంలో 5 శాతం, అంటే 5,000. మిగిలిన 20,000 అందరికీ పంచితే తలా 1,000 వస్తుంది. అందుకే ఈ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది 5,000 కాదు, 4,000. సరిచూసుకుంటే, వసూలైంది 80,000. పాడుకున్నవాళ్లకు 75,000, కమీషన్ 5,000. పైసా తేడా లేదు.

ఆబ్జెక్టులు లేకపోతే ఏమవుతుంది?

ఈ లెక్కను మామూలు పద్ధతిలో ప్రోగ్రామ్‌గా రాయడం కష్టమేమీ కాదు. పేర్లకో జాబితా, కట్టిన డబ్బుకో జాబితా, పాట మొత్తానికో జాబితా పెట్టుకుంటాం. వాటి మీద పనిచేసే ఫంక్షన్లు విడిగా ఉంటాయి: రసీదు రాసేది ఒకటి, పాడుకున్నవాళ్లకు డబ్బిచ్చేది ఒకటి, కమీషన్ తీసేది ఒకటి. నిజం చెప్పాలంటే ఒక్క చీటీకి ఇది చాలు. ఎక్సెల్ షీటు కూడా చాలు.

చిక్కు వచ్చేది నియమం మారినప్పుడు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కమీషన్‌కు 5 శాతం పరిమితి పెట్టింది. 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. రమణమ్మ గారు కూడా 7 శాతానికి మారారనుకోండి. కమీషన్ 7,000 అవుతుంది, పంచడానికి 18,000 మిగులుతుంది, తలా 900 వస్తుంది. ఒక్కొక్కరు 4,100 కట్టాలి. కానీ "5 శాతం" అనే అంకె మన ప్రోగ్రామ్‌లో ఒక చోట లేదు. కమీషన్ తీసే ఫంక్షన్‌లో ఉంది, రసీదు రాసే ఫంక్షన్‌లోనూ ఉంది. మొదటిది మార్చి రెండోది మర్చిపోయాం. రసీదులు పాత లెక్కన 4,000కే వెళ్లాయి. వసూలైంది 80,000, ఇవ్వాల్సింది 75,000 ప్లస్ 7,000, అంటే 82,000. రెండు వేలు తక్కువ.

ఆ రెండు వేలు ఎక్కడ జారిపోయాయో వెతకడం ఉంది చూశారూ, అదీ అసలు కష్టం. ఏ ఫంక్షనైనా ఏ జాబితానైనా ముట్టుకోగలదు కాబట్టి అన్నిటినీ అనుమానించాలి. ఇరవై ఫంక్షన్లుంటే ఒక సాయంత్రం పోతుంది. రెండు వేల ఫంక్షన్లుంటే ఉద్యోగమే పోవచ్చు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఇక్కడ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఈ నియమం ఏ సమాచారానికి చెందినది? దేనికి చెందినదైతే దాని పక్కనే పెట్టు, బయటివాళ్లను దాన్ని ముట్టుకోనివ్వకు. ఆ నాలుగు పెద్ద మాటలూ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

క్లాస్ అంటే రూపం, ఆబ్జెక్ట్ అంటే నిండిన పుస్తకం

చీటీ అనగానే కొన్ని వివరాలు ఉండి తీరాలి: మొత్తం ఎంత, ఎన్ని నెలలు, కమీషన్ శాతం ఎంత, ఎవరెవరు ఉన్నారు. దానితో జరిగే పనులూ కొన్ని ఉంటాయి: పాట నమోదు చేయడం, ఈ నెల ఎంత కట్టాలో చెప్పడం, చెల్లింపు రాసుకోవడం. ఈ వివరాల్నీ పనుల్నీ కలిపి చెప్పే వర్ణన క్లాస్. ఆ వర్ణన ప్రకారం నిజంగా తెరిచిన ఒక్కో చీటీ ఒక్కో ఆబ్జెక్ట్. రమణమ్మ గారి లక్ష చీటీ ఒక ఆబ్జెక్ట్, ఆవిడదే ఐదు లక్షల చీటీ ఇంకొకటి. రెండింటికీ నియమాలు ఒకటే, అంకెలు వేరు. వివరాలను ప్రాపర్టీలు లేదా ఫీల్డులు అంటారు, పనులను మెథడ్‌లు అంటారు.

కాగితం మీద గీస్తే ఇలా ఉంటుంది:

క్లాస్ చీటీ
— దాచినవి: మొత్తం, నెలలు, కమీషన్ శాతం, సభ్యులు, ఈ నెల పాట
— చేసేవి: పాట నమోదు చెయ్యి, ఈ నెల ఎంత కట్టాలో చెప్పు, చెల్లింపు రాసుకో

కమీషన్ శాతం ఇప్పుడు ఒకే చోట ఉంది. రసీదు రాసే ఫంక్షన్ తనంతట తాను లెక్క వేయదు. చీటీ ఆబ్జెక్ట్‌ను "ఈ నెల ఎంత?" అని అడిగి, వచ్చిన జవాబును అచ్చువేస్తుంది, అంతే. 5 ను 7 చేస్తే రసీదులూ మారతాయి. రెండు వేలు జారిపోయే సందు లేదు.

కొత్తవాళ్లు తరచూ బోల్తా పడే చోటు ఇక్కడొకటుంది. జావాలో గానీ పైథాన్‌లో గానీ ఒక ఆబ్జెక్ట్‌ను రెండో పేరుకు అప్పజెప్పితే కొత్త ఆబ్జెక్ట్ పుట్టదు. పుస్తకాన్ని జిరాక్స్ తీయించడం వేరు, అదే పుస్తకాన్ని ఇద్దరు పట్టుకుని కూర్చోవడం వేరు. ఇక్కడ జరిగేది రెండోది. ఒకరు కొట్టివేత పెడితే ఇంకొకరికీ అది కనిపిస్తుంది. "నేను రెండోదాన్ని మారిస్తే మొదటిది ఎందుకు మారింది?" అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇదే.

ఎవరు ముట్టుకోవచ్చు, ఏది కనిపించాలి

ఇప్పుడు ఇంటర్వ్యూలో గొంతు ఎండించిన ప్రశ్నకు వద్దాం. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ముట్టుకునే హక్కుకు సంబంధించిన విషయం. చీటీ పుస్తకం రమణమ్మ గారి బీరువాలో ఉంటుంది. ఎవరైనా డబ్బు కడితే ఆవిడే రాస్తారు. సభ్యులు వచ్చి తమ పేరు పక్కన తామే "కట్టాను" అని రాసుకునే వీల్లేదు. చెల్లింపు రాసే మెథడ్ ముందు అన్నీ చూసుకుంటుంది: మొత్తం సరిగ్గా 4,000 ఉందా, ఈ నెలకు ఇప్పటికే కట్టేశారా అని. అవన్నీ సరిపోతేనే అంకె మారుతుంది.

అబ్‌స్ట్రాక్షన్ అంటే ఏది చూపించాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయం. సభ్యుడికి కావలసింది "ఈ నెల ఎంత కట్టాలి?" అన్న ఒక్క జవాబు. లోపల భాగించారా, కూడారా అన్నది అతనికి అక్కర్లేదు. అసలు ఏ వివరాలు పెట్టుకోవాలో తేల్చుకోవడం కూడా అబ్‌స్ట్రాక్షనే. చీటీ ప్రోగ్రామ్‌కు మనిషి ఫోన్ నంబర్ కావాలి, బ్లడ్ గ్రూప్ అక్కర్లేదు. ఆసుపత్రి ప్రోగ్రామ్‌కు అదే మనిషి బ్లడ్ గ్రూప్ ముఖ్యం, చీటీ ఎన్నో నెలలో ఎత్తాడో అనవసరం.

రెండూ చేయి చేయి పట్టుకుని నడుస్తాయి కాబట్టే గందరగోళం. అబ్‌స్ట్రాక్షన్ లేకుండా ఎన్‌క్యాప్సులేషన్ ఎలా ఉంటుందో చూడాలంటే చాలా కాలేజీ ప్రాజెక్టులు తిరగేస్తే సరిపోతుంది. ప్రతి ఫీల్డునూ ప్రైవేట్ చేస్తారు, అంటే బయటివాళ్లు నేరుగా ముట్టుకోకుండా దాస్తారు. వెంటనే ప్రతిదానికీ విలువ చదివే ఒక గెట్, విలువ మార్చే ఒక సెట్ మెథడ్ తగిలిస్తారు. "కమీషన్ పెట్టు", "బకాయి పెట్టు" అంటూ ఎవరైనా ఏదైనా పెట్టేయొచ్చు. తలుపుకు తాళం వేసి తాళంచెవి అక్కడే మేకుకు తగిలించినట్టు.

తాళం ఎంత గట్టిగా ఉండాలన్న దాంట్లోనూ భాషలు ఏకాభిప్రాయంతో లేవు. జావాలో ప్రైవేట్ ఫీల్డును బయటి నుంచి మామూలుగా ముట్టుకుంటే, కోడ్‌ను నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. పైథాన్‌లో పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టడం "దయచేసి ముట్టుకోవద్దు" అనే మర్యాద మాత్రమే. రెండు అండర్‌స్కోర్లు పెడితే పేరు లోపల కొంచెం మారుతుంది, అంతేగాని గట్టి కాపలా కాదు. పెద్ద టీముల్లో పనిచేసినవాళ్లు జావా పద్ధతే మేలంటారు. త్వరగా రాసి పరీక్షించుకోవాలనుకునేవాళ్లకు పైథాన్ నమ్మకం నచ్చుతుంది.

ఒకే ప్రశ్న, రెండు జవాబులు

రమణమ్మ గారు పాట లేని చీటీ కూడా మొదలుపెట్టారు. అందులో ప్రతి నెలా లక్కీ డ్రా. పేరు వచ్చినవాళ్లకు లక్షలో 5,000 కమీషన్ పోను 95,000 ఇస్తారు. తగ్గింపు లేదు కాబట్టి అందరూ ప్రతి నెలా 5,000 కట్టాల్సిందే.

ప్రోగ్రామ్‌లో ఇప్పుడు రెండు క్లాసులు: పాట చీటీ, డ్రా చీటీ. రసీదు రాసే ఫంక్షన్‌లో "పాట చీటీ అయితే ఇలా, డ్రా చీటీ అయితే అలా" అని రాయనక్కర్లేదు. "ఈ నెల ఎంత?" అని ఒకటే ప్రశ్న వేస్తుంది. పాట చీటీ 4,000 అంటుంది, డ్రా చీటీ 5,000 అంటుంది. ఎదురుగా ఉన్నది ఏ రకం ఆబ్జెక్టో చూసి, ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే సరైన మెథడ్ ఎంపికవుతుంది. పాలిమార్ఫిజం అంటే ఇదే. రేపు మూడో రకం చీటీ వచ్చినా రసీదు ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. (ఇంటర్వ్యూల్లో అడిగే ఓవర్‌లోడింగ్ వేరే సంగతి. అది ఒకే పేరుతో వేరువేరు ఇన్‌పుట్‌లు తీసుకునే మెథడ్‌లు రాయడం. పైన చెప్పింది ఓవర్‌రైడింగ్.)

ఇన్‌హెరిటెన్స్: మోజు ఎక్కువ, మోసమూ ఎక్కువే

రెండు రకాల చీటీలకూ చాలా విషయాలు ఉమ్మడి: మొత్తం, నెలలు, సభ్యులు, చెల్లింపుల రికార్డు. వీటిని "చీటీ" అనే తల్లి క్లాసులో ఒకసారి రాసి, పాట చీటీ, డ్రా చీటీ అనే పిల్ల క్లాసులు దాన్నుంచి తెచ్చుకుంటే ఇన్‌హెరిటెన్స్.

ఈ ఆలోచన పుట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. నార్వే రాజధాని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిములా అనే భాష తయారుచేశారు. క్యూలు, రవాణా వంటి వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూడటం దాని పని. వంతెన మీద టోల్ బూత్, దాని ముందు వరస. వరసలో లారీలున్నాయి, బస్సులున్నాయి. దేని వివరాలు దానివే అయినా, వరసలో నిలబడటం మాత్రం అన్నిటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి భాగాన్ని ఒకసారే రాయలేమా అన్న ఆలోచన 1967 నాటి సిములాలో క్లాసులుగా, ఉపక్లాసులుగా రూపం దిద్దుకుంది. కంప్యూటర్ రంగంలో అత్యున్నతంగా భావించే ట్యూరింగ్ అవార్డు 2001కి వాళ్లిద్దరికీ వచ్చింది. బియార్న స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టి తర్వాత సీ ప్లస్ ప్లస్ అని పేరుపెట్టిన భాషకు క్లాసులు సిములా నుంచే వచ్చాయి. 1995లో వచ్చిన జావా ఆ దారినే నడిచింది.

ఇన్‌హెరిటెన్స్‌ను మొదట చూసినప్పుడు "రాసిందే మళ్లీ రాయక్కర్లేదు" అన్న సంతోషం కలుగుతుంది. ఆ సంతోషమే చిక్కులు తెస్తుంది. పాట చీటీ ముందే రాసి ఉంది కదా, డ్రా చీటీని దాని పిల్లగా చేస్తే చాలా కోడ్ కలిసొస్తుంది అనిపిస్తుంది. అప్పుడు డ్రా చీటీకి "పాట నమోదు చెయ్యి" అనే మెథడ్ కూడా వారసత్వంగా వచ్చిపడుతుంది. డ్రా చీటీకి పాట ఏమిటి? ఎవరైనా దాన్ని పిలిస్తే ఎర్రర్ ఇవ్వాలా, ఊరుకోవాలా? తల్లి పనిచేసే ప్రతి చోటా పిల్లను పెట్టినా ప్రోగ్రామ్ తడబడకూడదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో ముందుకు తెచ్చిన ఈ సూత్రానికి ఆమె పేరే నిలిచింది. డ్రా చీటీ ఆ పరీక్షలో నిలవదు. అందుకే పాట అనే పని తల్లి క్లాసులో కాకుండా పాట చీటీలోనే ఉండాలి.

ఇది కాలేజీ పిల్లలు మాత్రమే చేసే తప్పు కాదు. జావాతో పాటు వచ్చే స్టాక్ క్లాస్‌నే చూడండి. స్టాక్ అంటే పెళ్లి భోజనాల దగ్గర పేర్చిన పళ్లేల దొంతర లాంటిది. పైనుంచే పెట్టాలి, పైనుంచే తీయాలి. కానీ జావా స్టాక్‌ను వెక్టర్ అనే జాబితా క్లాసుకు పిల్లగా చేశారు. దాంతో దొంతర మధ్యలో పళ్లెం దూర్చే మెథడ్‌లు కూడా దానికి వచ్చేశాయి. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని దాన్ని ఇప్పుడు తీసేయలేరు. స్టాక్ కావాలంటే డెక్ అనే వేరే ఏర్పాటు వాడుకోమని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది.

సభ్యురాలా, సభ్యత్వమా?

చీటీ ఉదాహరణలో నాకు బాగా నచ్చిన చిక్కు ఇది. "మనిషి" తల్లి క్లాస్, "సభ్యుడు", "నిర్వాహకుడు" పిల్లలు అని రాసేయడం చాలా సహజం. వాక్యంగా చదివితే కూడా సరిగ్గానే ఉంటుంది: సభ్యుడు ఒక మనిషి, నిర్వాహకుడు ఒక మనిషి.

ఇప్పుడు వీధిలోకి వెళ్లి చూడండి. రమణమ్మ గారు తన చీటీకి నిర్వాహకురాలు, పక్క వీధి చీటీలో సభ్యురాలు. ఆవిడ కోసం రెండు ఆబ్జెక్టులు పెడితే, ఫోన్ నంబర్ మారినప్పుడు రెండు చోట్ల మార్చాలి. మళ్లీ ఆ రెండు వేల కథే. మరొకాయన ఒకే చీటీలో రెండు పేర్లు వేసుకున్నాడు. ఆయన ఎంతమంది సభ్యులు? ఇంకొకామె ఏడో నెలలో ఊరు మారుతూ తన చీటీని తోడికోడలికి అప్పగించింది. కట్టిన ఆరు నెలల లెక్క ఎవరి పేరు మీద ఉండాలి?

మన లెక్కలో లేని వస్తువు ఒకటి ఉందని అప్పుడు తెలుస్తుంది: సభ్యత్వం. కట్టిన నెలలు, చీటీ ఎత్తారా లేదా అన్నవి మనిషికి చెందిన వివరాలు కావు, సభ్యత్వానికి చెందినవి. సభ్యత్వం అనే క్లాసులో "ఇది ఎవరిది" అని ఒక మనిషి ఆబ్జెక్ట్‌ను పెట్టుకుంటే చాలు. రెండు పేర్లు వేసుకున్నాయనకు రెండు సభ్యత్వాలు. తోడికోడలికి మార్చాలంటే ఆ ఒక్క ఫీల్డు మారుతుంది, ఆరు నెలల చరిత్ర కదలకుండా ఉంటుంది. ఒకసారి ఎత్తినవాళ్లు మళ్లీ పాడకూడదన్న నియమం కూడా తన చోటు తాను వెతుక్కుంటుంది. చీటీ "నువ్వు ఇప్పటికే ఎత్తావా?" అని సభ్యత్వాన్ని అడుగుతుంది, అది జవాబు చెబుతుంది. ఇలా ఒక ఆబ్జెక్ట్ ఇంకోదాన్ని తనలో ఉంచుకుని పని చేయించుకోవడం కంపోజిషన్. ఇన్‌హెరిటెన్స్ కంటే దీనికే మొగ్గు చూపాలన్నది 1990ల నుంచీ గట్టిగా వినిపిస్తున్న సలహా.

అందరూ ఒప్పుకోని విషయాలు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న మాటను పుట్టించిన అలన్ కే, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ భాషను రూపొందించిన వాళ్లలో ముఖ్యుడు. ఆబ్జెక్టులు అన్న పేరు పెట్టి జనం దృష్టిని చిన్న విషయం మీదికి మళ్లించానని, అసలు పెద్ద విషయం వాటి మధ్య నడిచే సందేశాలేనని 1998లో ఆయనే రాశారు. ఆయన లెక్కన చీటీ సభ్యత్వాన్ని "ఎత్తావా?" అని అడగడమే కథ, తల్లి క్లాసులూ పిల్ల క్లాసులూ కాదు. జావా, సీ ప్లస్ ప్లస్ ప్రపంచం మాత్రం క్లాసుల చుట్టూనే ఇల్లు కట్టుకుంది.

తర్వాత వచ్చిన భాషలు ఇంకో దారి పట్టాయి. 2009లో బయటికొచ్చిన గో భాషలో క్లాస్ అన్న మాటే లేదు, రస్ట్‌లో క్లాసుల వారసత్వం లేదు. కానీ "ఈ నెల ఎంత?" అనే ప్రశ్నకు జవాబు చెప్పగలిగే దేన్నైనా ఒకేలా వాడుకునే పాలిమార్ఫిజం రెండింట్లోనూ ఉంది. అంటే నాలుగు మాటల్లో వాళ్లు పక్కన పెట్టింది ఒకదాన్నే.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఇష్టపడేవాళ్ల అభ్యంతరం ఇంకా లోతైనది. ఆబ్జెక్ట్ లోపలి అంకెలు కాలంతో పాటు మారుతూ ఉంటే, ఏ క్షణాన ఏముందో ఊహించడం కష్టమని వాళ్ల వాదన. సమాచారాన్ని మార్చకుండా, ప్రతి నెలకూ కొత్త పేజీ తీయమంటారు. చీటీ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని పట్టుబట్టే పాతకాలపు గుమస్తా కూడా ఇదే అనేవాడు.

రెండు పద్ధతుల మధ్య బేరం ఎక్కడ తేలుతుందో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. మన దగ్గర రెండు రకాల చీటీలు, వాటి మీద మూడు పనులు ఉన్నాయనుకుందాం. ఆబ్జెక్టుల పద్ధతిలో మూడో రకం చీటీ వస్తే ఒక కొత్త క్లాస్ రాసి మూడు మెథడ్‌లూ అందులో పెడతాం, పాత క్లాసుల జోలికి వెళ్లం. కానీ నాలుగో పని కావాలంటే, ఉదాహరణకు ఏడాది చివర ఎవరికి ఎంత మిగిలిందో చూపే పట్టిక, ఉన్న ప్రతి క్లాసునూ తెరవాలి. ఫంక్షన్ల పద్ధతిలో దీనికి తలకిందులు. నాలుగో పని అంటే ఒక కొత్త ఫంక్షన్, అంతే. కొత్త రకం చీటీ వస్తే మాత్రం పాత మూడు ఫంక్షన్లూ తెరవాలి.

రమణమ్మ గారు కొత్త రకం చీటీ మొదలుపెట్టేది ఏ ఐదేళ్లకో ఒకసారి. "నాది ఎంత వచ్చింది, ఎంత పోయింది?" అని కొత్త లెక్క అడిగేవాళ్లు మాత్రం ప్రతి నెలా తలుపు కొడుతూనే ఉంటారు.